సృష్టి పరిశీలన: క్రిస్మస్ కాక్టస్‌కు కొండమీది చుట్టం



సొలొమోను రాజు గొప్ప దేవదారు వృక్షాలతో ఆగక, గోడ పగుళ్ళలో బతికే హిస్సోపును కూడా పట్టించుకున్నాడని రాజుల మొదటి గ్రంథము 4వ అధ్యాయము తెలుపుతున్నది. ఈ నెల మేము కూడా హిస్సోపు వంటి ఒక చిన్న మొక్కనే తీసుకున్నాము. అది చెట్టు కొమ్మమీదనో, రాతి పగులులోనో బతుకుతుంది. జెముడు జాతికి చెందినది. ప్రపంచం మొత్తంమీద ఒకే ఒక రాష్ట్రంలో, అందులోను కొద్ది చోట్ల మాత్రమే ఉన్నది. దానికి సరియైన పేరు దొరికి ఇంకా నలభై ఏళ్ళు నిండలేదు.

జెముడు అనగానే మనకు పొలం గట్టుమీది నాగజెముడు గుర్తుకు వస్తుంది. ఎండ, ముళ్ళు, బీడు నేల. అట్టిది చెట్టుమీద పెరగడమేమిటని అడగవచ్చు. ముందు జెముడును గుర్తుపట్టే విధం చెబుతాము. మన ఊళ్ళలో కంచెగా వేసే బొంతజెముడు విరిస్తే పాలు కారుతాయి. ముళ్ళున్నా అది నిజమైన కాక్టస్ కాదు, వేరే కుటుంబం. నిజమైన కాక్టస్‌కు ఒంటిమీద అక్కడక్కడ చిన్న దూదిమెత్త వంటి చుక్కలు ఉంటాయి. ముళ్ళయినా, పువ్వులయినా, కొత్త కొమ్మలయినా ఆ చుక్కలోనుండే పుడతాయి. ముళ్ళు లేని కాక్టస్ ఉండవచ్చు గాని, ఈ చుక్కలు లేని కాక్టస్ లేదు.

చెట్టుమీద పెరుగుతుంది అంటే మామిడికి పట్టే బదనిక వంటిదని అనుకోకండి. బదనిక కొమ్మలోనికి వేరు దింపి చెట్టు సారాన్ని పీల్చుకుంటుంది. రైతు దానిని నరికివేయటం న్యాయమే. ఈ జెముడు అలా కాదు. కొమ్మ పంగలో పోగయిన ఆకుచెత్తలో వేళ్ళు పెట్టుకొని, వాననీటితోను మంచుతోను బతుకుతుంది. చెట్టు దానికి కూర్చునే చోటు ఇస్తుంది, అంతే. వాన అడవిలో నీటికేమి కొదువ అంటారేమో! వాన వెలిసిన గంటకు కొమ్మమీద నీరు నిలవదు. అక్కడ ఉండే మొక్కకు రోజూ ఒక చిన్న కరువే. అందుకే ఎడారి జెముడుకున్న గుణమే దీనికీ ఉన్నది. పగలు తన సన్నని రంధ్రాలు మూసుకొని, చల్లని రాత్రివేళ తెరచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకొని దాచుకుంటుంది. తెల్లవారిన తరువాత ఆ దాచినదానితో ఆహారం వండుకుంటుంది.

ఇటువంటి మొక్కను మీలో చాలామంది చూసే ఉంటారు. రాత్రిపూట పెద్ద తెల్లని పువ్వు పూసే కుండీమొక్కను మన ఇళ్ళలో బ్రహ్మకమలం అంటున్నారు కదా, అది మెక్సికో, మధ్య అమెరికా అడవులలోని చెట్టుమీది కాక్టస్. హిమాలయాలలోని అసలు బ్రహ్మకమలం వేరు. ఆకు అంచున పువ్వు పూసిందని పిల్లలు వింతగా చెబుతారు. అది ఆకు కాదు, పలకగా సాగిన కాండం. కాక్టస్‌లన్నీ అమెరికా ఖండాలవే. ఒక్కటి మాత్రమే సొంతంగా ఆఫ్రికాలోను శ్రీలంకలోను కూడా ఉన్నది, అదీ చెట్టుమీద వేలాడేదే.

ఇక మన కథలోనికి వద్దాము. డిసెంబరులో పట్టణపు నర్సరీలలో క్రిస్మస్ కాక్టస్ అని ఒక మొక్క అమ్ముతారు. చిన్న చిన్న బిళ్ళలు ఒకదాని కొసన ఒకటి అతికించినట్టుండి, చివర ఎర్రని లేక గులాబిరంగు పువ్వులు వేలాడుతుంటాయి. దాని స్వస్థలం బ్రెజిల్ దేశపు ఆగ్నేయ తీరాన ఉన్న కొండలు. అక్కడివారు దానిని మే నెల పువ్వు అంటారు. ఎందుకంటే అక్కడ మే నెలలో పూస్తుంది! మొక్కకు క్రిస్మస్ తెలియదు. దానికి తెలిసినది రాత్రి పొడవు. రాత్రులు పెరిగి, చలి తగిలితే మొగ్గ వేస్తుంది. భూమధ్యరేఖకు దక్షిణాన మే నెలలో రాత్రులు పెరుగుతాయి, ఉత్తరాన సంవత్సరం చివర పెరుగుతాయి. 1818 నాటికే ఇది ఐరోపా చేరింది. 1840ల్లో ఇంగ్లండులో బక్లీ అనే తోటమాలి రెండు జాతులను కలిపి, క్రిస్మస్ దినాల్లో పూసే సంకరాన్ని తీశాడు. పేరు అలా స్థిరపడింది.

శాస్త్రంలో దీని కుటుంబనామం ష్లంబర్గేరా. బక్లీ కలిపిన రెండు జాతులను వేరుగా గుర్తించటం కష్టం కాదు. ట్రంకేటా అనే దానికి బిళ్ళ అంచున కోసు పళ్ళుంటాయి, పువ్వు అడ్డంగా సాగి ఒకవైపు వంగుతుంది, పుప్పొడి పసుపు. రస్సెలియానా అనే దానికి బిళ్ళ అంచు గుండ్రంగా అలలు తీరుతుంది, పువ్వు తిన్నగా కిందికి వేలాడుతుంది, పుప్పొడి గులాబిరంగు. బజారులో ఇప్పుడు దొరికేవి ఎక్కువగా కోసు పళ్ళవే. బ్రెజిల్ తీరపు కొండలలో ఈ రెండూ గాక ఇంకా జాతులున్నవి. మేము చెప్పదలచినది వాటిలో ఒకటి.

అది ఉన్న రాష్ట్రం పేరు ఎస్పిరిటో శాంటో. పోర్చుగీసు భాషలో ఆ మాటకు పరిశుద్ధాత్మ అని అర్థం. 1535లో పెంతెకోస్తు పండుగ దినాల్లో పోర్చుగీసువారు అక్కడ దిగారు గనుక ఆ పేరు పెట్టారు. 1847లో అక్కడి కొండలకు జర్మనీనుండి పేద రైతు కుటుంబాలు వలస వచ్చాయి. వారిలో లూథరన్ విశ్వాసులు చాలామంది. 1824 నాటి రాజ్యాంగం ప్రకారం కేథలిక్కులు కానివారు ఆరాధించుకోవచ్చు గాని, బయటికి దేవాలయంలా కనబడే కట్టడం కట్టరాదు. ఆ రైతుల గుడికి ఆ శతాబ్దం ముగిసేలోగానే గంటగోపురం లేచింది. డొమింగోస్ మార్టిన్స్ అనే ఆ ఊళ్ళో అది నేటికీ నిలిచి ఉన్నది. మన లూథరన్ సంఘాలవారికి ఈ సంగతి సంతోషం కలిగించవచ్చు.

అయితే ఆ రైతులు ఏమి చేసి బతికారు? అడవి నరికి కాఫీ వేశారు. వారిని నిందించలేము. ఆకలితో వచ్చినవారు, ప్రభుత్వం ఇచ్చిన నేల అది. కాని తరువాతి తరాల్లో కాఫీ, పశువుల మేత నేలలు, పట్టణాలు పెరిగి తీరపు అడవిలో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది. నిటారు రాతికొండలు, కోయటానికి వీలుకాని వాలులు మిగిలాయి. మన జెముడు మిగిలినది ఆ కొండలలోనే.

ఆ డొమింగోస్ మార్టిన్స్ ఊరివాడే రొబెర్టో కౌట్‌స్కీ. వృక్షశాస్త్ర ఆచార్యుడు కాడు, మొక్కలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆర్కిడ్‌ల కోసం ఆ కొండలన్నీ తిరిగాడు. 2010లో మరణించాడు. పలు ఆర్కిడ్‌లకు, ఇతర అడవి మొక్కలకు ఆయన పేరు పెట్టారు. ఈ జెముడు కూడా ఆయన పేరుమీదనే ఉన్నది.

1986లో హోరోబిన్, మెక్‌మిలన్ అనే ఇద్దరు దీనిని శాస్త్రీయంగా వర్ణించారు. కొత్త మొక్కకు పేరు పెట్టడం ఊరికే జరిగే పని కాదు. ఒక నమూనాను నొక్కి ఆరబెట్టి, ఎవరైనా వచ్చి చూసుకొనేలా భద్రపరచాలి. లాటిన్‌లో వర్ణన ప్రచురించాలి (2012నుండి ఇంగ్లీషులోనైనా సరిపోతుంది). వారిద్దరు చూసినది ఇది: బిళ్ళ అంచున పళ్ళున్నాయి గనుక ట్రంకేటాకు దగ్గర. కాని బిళ్ళలు దానికంటె చిన్నవి, పువ్వు చిన్నది, రేకులు సన్నగా మొనదేలి ఉన్నాయి. అందుచేత ట్రంకేటాలోనే ఒక ఉపజాతిగా ఉంచారు. 1991లో ఇంగ్లండులోని క్యూ తోటల శాస్త్రవేత్త నైజెల్ టేలర్ దీనిని వేరే జాతిగా నిలబెట్టాడు. అప్పటినుండి దాని పేరు ష్లంబర్గేరా కౌట్‌స్కియై.

పళ్ళు కాస్త చిన్నవా పెద్దవా అని ఇంత వాదమెందుకు అని మీకు అనిపించవచ్చు. మా అభిప్రాయంలో ఇది ఉత్త వాదం కాదు. ట్రంకేటా లోకమంతటా కుండీలలో లక్షలకొలది ఉన్నది. దానిలో ఇదొక రకమేనని ఉన్నంతకాలం, ఒక కొండమీద అది కాలిపోయినా పోయినదేమిటని ఎవరూ అడగరు. వేరే జాతి అని తేలిన తరువాత లెక్క మారింది. ఎక్కడెక్కడ ఉందో వెదికారు. కొద్ది చోట్లే ఉందని తెలిసింది. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. మన సంఘంలో పేరు రాయబడని మనిషి చనిపోతే పుస్తకంలో ఎవరి పేరూ కొట్టివేయబడదు కదా! ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన సంగతి సండేస్కూలులో చెప్పేటప్పుడు, పేరు పెట్టడానికి ముందు వాటిని ఒక్కొక్కదానిగా చూడవలసి వచ్చిందని పిల్లలకు చెప్పండి.

కౌట్‌స్కియై మన నర్సరీలలో దొరకదు. అడవినుండి తీసిన కాక్టస్‌ను దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి, కనుక ఎవరైనా అరుదైనదని చెప్పి అమ్మజూపితే కొనకండి. కుండీలలో పెంచిన క్రిస్మస్ కాక్టస్ మాత్రం నిశ్చింతగా పెంచుకోవచ్చు. మన తీరపు జిల్లాల ఉక్కకు అది బాగా పూయదు. అరకు, బెంగుళూరు వంటి చల్లని చోట్ల సులువు. మిట్టమధ్యాహ్నపు ఎండ తగలకూడదు. ఆకుఎరువు, ఇసుక కలిపిన వదులు మట్టి పోయండి, నీరు నిలవనీయకండి. అక్టోబరునుండి రాత్రిపూట దీపం వెలుతురు పడని చోట ఉంచండి. వరండా బల్బు కింద పెట్టి, పూయలేదని బాధపడేవారున్నారు.

పిలకలు పంచుకోవటానికి రెండు మూడు బిళ్ళల కొమ్మను మెలితిప్పి తుంచి, రెండు రోజులు నీడన ఆరనిచ్చి నాటితే చాలు. కాయలు చూడాలని ఉంటే మాత్రం ఒక సంగతి ఉంది. కోసు పళ్ళ జాతి తన పుప్పొడితో తాను కాయ కట్టదు. ఒకే తల్లిమొక్కనుండి తుంచినవన్నీ దానికి ఒకటే లెక్క. కనుక వేరే నర్సరీలో కొన్న, వేరే రంగు పువ్వున్న మొక్క ఎవరింట ఉన్నదో తెలుసుకొని, పూసిన రోజున ఆ కుండీని తెచ్చి పక్కన పెట్టి, ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వు కీలాగ్రానికి అంటించండి.