కుదురు లేని పిల్లలు, కుదరని విధానం

రాజధాని విలేకరి వారం వారం రాసే లేఖలో మంత్రివర్గ మార్పులు, కూటముల లెక్కలు, సరిహద్దు వివాదాలు ఉంటాయని పాఠకులు ఎదురుచూడడం సహజం. ఈ వారం నేను ప్రస్తావించదలచిన విషయం సభాభవనాలలో అరుదుగా వినిపించేది. అయినా లక్షలాది ఇళ్లలో నిత్యం నలిగేది. బడిలో ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేని పిల్లవాడిని ఏమనాలి? అల్లరివాడనాలా, రోగి అనాలా? రోగి అయితే మందు ఇవ్వాలా? ఈ ప్రశ్నలకు మన దేశపు వైద్యులే ఒక్కమాటగా జవాబు చెప్పలేకపోతున్నారు. ఆ తడబాటులో అధికభాగం ప్రభుత్వ విధానంలోని వైరుధ్యం నుండి పుట్టిందని నా అభిప్రాయం.

ఈమధ్య ఇక్కడి ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం వెలుపల ఒక పూట గడిపాను. తూర్పు ఉత్తరప్రదేశ్ నుండి రాత్రి రైలులో వచ్చిన ఒక తండ్రి, ఆయన పక్కన తొమ్మిదేళ్ల కొడుకు. ఆ పిల్లవాడు వరండా చివరివరకు ఎన్నిసార్లు పరుగెత్తి వచ్చాడో లెక్కపెట్టడం కొంతసేపటికి మానుకున్నాను. అప్పటికే మూడు బడులు మారాడట. వైద్యురాలు ఓపికగా విని, చీటీని రెండు ప్రతులుగా రాసి ఇచ్చారు. ఆ తండ్రితో పాటు నేనూ మందుల దుకాణాలకు వెళ్లాను. మొదటి దుకాణంలో లేదన్నారు. రెండో దుకాణంలో చీటీనీ, దానిని తెచ్చిన మనిషినీ ఎగాదిగా చూసి తిప్పి పంపారు. మూడో దుకాణం తలుపులోనుంచే చెయ్యి ఊపింది. నాలుగో చోట నెలకు సరిపడా మాత్రలు దొరికాయి. వచ్చే నెల ఎలాగని ఆయన నన్నడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ మందు పేరు మిథైల్‌ఫెనిడేట్. ఆ పిల్లవాడికి ఉన్నట్లు నిర్ణయించిన రుగ్మత అవధాన లోపం, అతి చాంచల్యం కలిసినది. ఇంగ్లీషు పొడి అక్షరాలలో ఏడీహెచ్‌డీ అని వ్యవహారం. ఒకేసారి ఎనిమిది పనులపై మనసు నిలపగలవాడిని సభలో సత్కరించే సంప్రదాయం మనది. ఒక్కదానిపైనా నిలపలేనివాడిని గురించి మాత్రం మనం పెద్దగా ఆలోచించలేదు. 1937లో చార్లెస్ బ్రాడ్లీ అనే అమెరికన్ వైద్యుడు ఉత్తేజక ఔషధం ఇచ్చిన పిల్లలు మరింత రెచ్చిపోవడానికి బదులు నెమ్మదించి, చదువుపై మనసు పెట్టడం గమనించి ప్రకటించాడు. ఆ తర్వాత రుగ్మత పేరు పలుమార్లు మారింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దానిని 1980లో అవధాన లోపంగా, 1987లో ఇప్పటి పేరుతో నమోదు చేసింది. లక్షణాలు ఏడేళ్ల లోపే కనిపించాలన్న నిబంధనను 2013లో పన్నెండేళ్లకు సడలించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో వర్గీకరణ ఇంతకంటె కఠినం. ఆ కొలతతో చూస్తే కొద్దిమంది పిల్లలే రోగులవుతారు, అమెరికన్ కొలతతో చూస్తే చాలామంది అవుతారు. మన వైద్యులు ఈ రెండు కొలతల మధ్యనే శిక్షణ పొందారు.

దీనిని తేల్చే రక్తపరీక్ష గాని, మెదడు చిత్రం గాని లేదు. ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల, ఆరు నెలలకు తక్కువ కాకుండా లక్షణాలు కొనసాగాయా, వాటివల్ల పిల్లవాడి జీవితం నిజంగా దెబ్బతింటున్నదా అన్నది తల్లిదండ్రులనూ ఉపాధ్యాయులనూ అడిగి తెలుసుకోవలసిందే. వినికిడి లోపం, నిద్రలేమి, చదవడంలో ప్రత్యేక వైకల్యం, ఇంటి కలహాలు సైతం ఇదే రూపంలో కనిపించవచ్చు. వీటన్నిటినీ విడదీయడానికి వ్యవధి కావాలి. వరండా నిండా జనం ఉన్న ఆస్పత్రిలో వైద్యుడి దగ్గర లేనిదే అది.

ఈ పరిస్థితిలో వైద్యులు రెండు వర్గాలుగా చీలారు. పేరు పెట్టడానికే వెనుకాడేవారు మొదటి వర్గం. బాల్య చాపల్యానికి రోగమనే ముద్ర వేస్తే అది జీవితాంతం వెంటాడుతుందనీ, మందు వల్ల ఆకలి మందగిస్తుంది, నిద్ర చెడుతుంది, ఎదుగుదల కొంత తగ్గుతుందనీ వారి భయం. ఈ దుష్ఫలితాలు కల్పితాలు కావు. రెండవ వర్గం వారు ఆలస్యమే అసలైన హాని అంటారు. దెబ్బలు తిని, బడి మాని, తాను పనికిరానివాడినని నమ్మడం నేర్చుకున్న పిల్లవాడికి పదహారో ఏట రోగనిర్ణయం చేసి ఏమి లాభమని వారి ప్రశ్న. ఇదీ నిజమే.

శాస్త్రం ఇద్దరికీ కొంత బలమిచ్చింది. అమెరికాలో 579 మంది పిల్లలపై జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. పధ్నాలుగు నెలలపాటు జాగ్రత్తగా మోతాదు సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లలు, ప్రవర్తన శిక్షణ మాత్రమే పొందిన వారికంటె ముఖ్య లక్షణాలలో ఎక్కువ మెరుగయ్యారు. అదే పిల్లలను మూడేళ్ల గడువు తర్వాత చూస్తే ఆ తేడా కనిపించలేదని 2007లో ప్రకటించారు. మందు పని చేస్తుంది. మందొక్కటే జీవితాన్ని తీర్చిదిద్దదు. వైద్యులు ఈ రెండు మాటలలో తమకు నచ్చినదానిని పట్టుకుని రెండవదానిని వదిలేయడం వల్ల, పిల్లవాడికి అందే చికిత్స అతని స్థితిని బట్టి గాక, అతను తలుపు తట్టిన వైద్యుడి స్వభావాన్ని బట్టి మారుతున్నది.

చట్టం ఈ స్వభావాన్ని మరింత బిగించింది. మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలో ఉంది. ఔషధ నిబంధనలలోని ఎక్స్ షెడ్యూలులోనూ ఉంది. చీటీ రెండు ప్రతులుగా రాయాలి. ఒక ప్రతిని దుకాణదారు రెండేళ్లు భద్రపరచాలి. మందును తాళం వేసి ఉంచాలి. దానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. ఇన్ని షరతులు మోసే దుకాణదారులు నగరాలలోనే అరుదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఎక్స్ షెడ్యూలు మందులను ఫోను ద్వారా రాయడాన్ని నిషేధించాయి. అనగా ఆదిలాబాద్ అడవి పల్లెలోని తల్లి, శ్రీకాకుళం మత్స్యకారుల వాడలోని తల్లి, బిడ్డను వెంటబెట్టుకుని మళ్లీ మళ్లీ నగరానికి రావలసిందే.

మరి ఇదే ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, బడులలో పరీక్షించి గుర్తించవలసిన స్థితుల జాబితాలో ఏడీహెచ్‌డీని చేర్చింది. ఒక చేయి వెతికి పట్టుకోమంటుంది, మరొక చేయి మందు బీరువాకు తాళం వేస్తుంది. మధ్యనున్న వైద్యుడు మందు ప్రసక్తి తేకపోవడమే క్షేమమనుకుంటే ఆశ్చర్యమేమీ లేదు.

తాళం పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. అమెరికా అనుభవం మన కళ్లెదుటే ఉంది. అక్కడ 2022 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం 3 నుండి 17 ఏళ్ల పిల్లలలో 11.4 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ నిర్ణయం జరిగింది. 2018లో వెలువడిన మరొక పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. సెప్టెంబరు 1తో బడి ప్రవేశ వయసు లెక్కించే రాష్ట్రాలలో, ఆగస్టులో పుట్టి తరగతిలో అందరికంటె చిన్నవారైన పిల్లలకు ఈ ముద్ర పడే అవకాశం సెప్టెంబరులో పుట్టిన పెద్దవారికంటె 34 శాతం ఎక్కువగా ఉంది. వయసు చాలకపోవడాన్నే వ్యాధిగా పొరబడ్డారన్నమాట. తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే చదువుల సంస్కృతి ఉన్న మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. ఆ పద్ధతికి ఇమడలేని పిల్లవాడికి జబ్బు ఉండనక్కరలేదు.

అయితే మన దేశంలో ప్రమాదం రెండు వైపులా ఉంది. కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల్లో 2013లో ప్రచురితమైన అధ్యయనం 11.32 శాతం పిల్లలలో ఈ లక్షణాలు కనుగొన్నది. ఈ లెక్క కొంత ఎక్కువనుకున్నా మిగిలేది చిన్న సంఖ్య కాదు. వీరిని చూడవలసిన మానసిక వైద్యులు లక్ష జనాభాకు 0.75 మంది మాత్రమేనని 2023లో పార్లమెంటరీ స్థాయీసంఘం పేర్కొన్నది. వారిలో పిల్లల నిపుణులు ఇంకెందరు? ఫీజు చెల్లించగల నగర కుటుంబానికి తొందరపాటు ముద్ర, పల్లెబడి పిల్లవాడికి బెత్తం దెబ్బ, ఇదీ నేటి పంపకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనూ 2021లోనూ ఈ మందును అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చడానికి నిరాకరించింది. ఆ జాబితాను ఆదర్శంగా తీసుకునే వర్ధమాన దేశాలకు అది చేతులు ముడుచుకోవడానికి ఒక సాకు. భారత్ ఒక సమతౌల్యమైన పద్ధతి ఏర్పరచగలిగితే పొరుగు దేశాలకూ దారి దొరుకుతుంది.

ఆ పద్ధతి అసాధ్యమైనదేమీ కాదు. రెండు ప్రతుల నియమం ఉండనివ్వండి. ప్రతి జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో ఈ మందు నిల్వ తప్పనిసరి చేయండి. తొలి నిర్ణయం నిపుణుడు బిడ్డను ఎదుట కూర్చోబెట్టుకునే చేయాలి. తదుపరి చీటీలను స్థానిక శిశువైద్యుడు ఎత్తు, బరువు, రక్తపోటు చూసి కొనసాగించే వీలుండాలి. బడి ఈడు రాని పసివారి విషయంలో తల్లిదండ్రులకు శిక్షణే తొలిమెట్టు కావాలి. పంతులు రాసిచ్చే వివరం, తరగతిలో బిడ్డ వయసు తారతమ్యం చూడకుండా ఏ వైద్యుడూ పేరు పెట్టరాదు.

పార్లమెంటులోని మన తెలుగు సభ్యులకు ఒక మనవి. ఏడీహెచ్‌డీ బిడ్డలను గుర్తించమని ఆదేశించిన జిల్లాలు ఎన్ని, ఆ మందు ప్రభుత్వ ఆస్పత్రిలో దొరికే జిల్లాలు ఎన్ని అని ఆరోగ్యమంత్రిని లిఖితపూర్వకంగా అడగండి. ఆ రెండు అంకెలు పక్కపక్కన అచ్చయిన రోజున వైద్యుల తడబాటుకు కారణమేమిటో వేరే వివరించనక్కరలేదు. రాత్రి రైలులో వచ్చిన ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎవరిదో కూడా తేలుతుంది.