బడిదుస్తులు - వాని వెల

మనుజునకు అన్నము తరువాత ముఖ్యమైనది వస్త్రము. అది ఎండవానలనుండి దేహమును, నలుగురి నడుమ మానమును కాపాడును. అయితే వస్త్రమునకు మరియొక గుణము కూడ కలదు. ధరించినవాని కలిమిలేములను అది నోరు విప్పకయే చాటిచెప్పును. పట్టుబట్ట కట్టినవానికి పీట వేయు లోకము చిరుగుబట్ట కట్టినవానిని గడప అవతలనే నిలుపును. పెద్దల లోకములోని ఈ భేదము పిల్లల లోకములోనికి రాకూడదను సదుద్దేశముతో పాఠశాలలు ఏకరూప దుస్తులను, అనగా యూనిఫారములను, నియమించినవి. భూస్వామి కుమారుడును, పాలేరు కుమారుడును ఒకే రంగు చొక్కా తొడిగి ఒకే బల్లపై కూర్చుండినచో, ఎవరి ఇంట ఎంత ధాన్యమున్నదో తోడివారికి తెలియనక్కరలేదు. ఈ ఆదర్శము గొప్పది. కాని ఆ చొక్కా వెలయే పాలేరు కుమారుని బడి గుమ్మమున ఆపివేసినచో ఆ ఆదర్శమునకు అర్థమేమి? ఇది ఆలోచింపవలసిన ప్రశ్న.

యూనిఫారము చరిత్ర విచిత్రమైనది. లండను నగరమున 1552లో అనాథబాలలకును, నిరుపేద బాలలకును ఆశ్రయముగా క్రైస్ట్స్ హాస్పిటల్ అను విద్యాలయము వెలసెను. అచ్చటి పిల్లలకు పొడవైన నీలిరంగు కోటును, పసుపుపచ్చని మేజోళ్లను ఇచ్చిరి. తొడుగుకొనుటకు గుడ్డ లేని బిడ్డలకు దయగల పెద్దలు ఇచ్చిన దానమది. నేటికిని ఆ విద్యాలయపు పిల్లలు ఆ నీలికోటునే ధరించుచున్నారు. కాలక్రమమున సంపన్నుల పాఠశాలలు కూడ తమ తమ రంగులను, ముద్రలను ఏర్పరచుకొనెను. బీదవానికి ఊరక ఇచ్చిన దుస్తు ధనవంతుని గౌరవచిహ్నమైనది. ఇంగ్లీషువారి పాఠశాలలతోపాటు ఆ ఆచారము భారతదేశమునకును వచ్చినది. తుదకు ఆ ఇంగ్లండులోనే యూనిఫారముల ఖర్చును గూర్చి 2021లో ప్రత్యేకముగా ఒక చట్టము చేయవలసివచ్చినది. ముద్రగల దుస్తులను వీలైనంత తగ్గింపవలెననియు, వాడిన దుస్తులు తల్లిదండ్రులకు దొరకునట్లు చూడవలెననియు ఆ చట్టము ననుసరించి అచ్చటి ప్రభుత్వము పాఠశాలలను ఆదేశించినది. దానముగా పుట్టినది భారముగా మారినదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరే అక్కరలేదు.

ఇక తెలుగునాటి సంగతి చూడవలెను. ఇచ్చట బడులు సాధారణముగా జూను మాసపు రెండవ వారమున తెరువబడును. మృగశిర కార్తె ప్రవేశించునది కూడ ఆ రోజులలోనే. రైతు ఏరువాకకు సిద్ధపడును. విత్తనములు కొనవలెను, ఎరువులు తేవలెను, కౌలుదారుడైనచో కౌలు సంగతి చూచుకొనవలెను. పాతపంట డబ్బు వేసవిలోనే వ్యయమైపోవును. క్రొత్తపంట ఇంకను నేలలో పడనే లేదు. చేతిలో కాసు లేని ఆ వారముననే పుస్తకములు, సంచి, చెప్పులు, దుస్తులు అన్నియు ఒక్కసారి కొనవలసివచ్చును. తండ్రి అప్పునకు పోవును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు పంట చేతికి వచ్చువరకు పెరుగుచునే యుండును. అందుచేత దుకాణమువాడు చీటిపై వ్రాసిన ధర ఒకటి. బీదవాడు తుదకు చెల్లించు ధర మరియొకటి.

ఆ ధర ఎంతయో ఒక లెక్క వేసి చూడవచ్చును. ఒక ఇంట ముగ్గురు పిల్లలు కలరనుకొందము. ఒక్కొక్కరికి రెండు జతల దుస్తులు, బూట్లు, మేజోళ్లు, బెల్టు, టై కావలెను. కొన్ని బడులలో శనివారమునకు తెల్లదుస్తులు, తెల్లబూట్లు వేరుగా నుండవలెను. అన్నియు కలిపి ఒక్కొక్కరికి 2,500 రూపాయలు అగుననుకొన్నను ముగ్గురికి 7,500 రూపాయలు కావలెను. దినమునకు 500 రూపాయలు సంపాదించు కూలివానికి అది పదునైదు దినముల కష్టార్జితము. ఇది ఊహించి వేసిన లెక్కయే. ఊరినిబట్టి, బడినిబట్టి మారును. కాని ఆ పదునైదు దినములు ఇంటిల్లిపాది తినక, త్రాగక ఉండలేరు గదా!

పూర్వము ఈ భారమును గృహిణులు ఒక ఉపాయముతో తేలికపరచుకొనెడివారు. ఎదుగు పిల్లలకు దర్జీచేత బట్టలు కుట్టించునపుడు అంచున నాలుగు వ్రేళ్ల మడత లోనికి ఉంచి కుట్టించెడివారు. పిల్లవాడు ఎదిగినకొలది ఆ మడత విప్పెడివారు. అన్నకు చాలని చొక్కా తమ్మునకు వచ్చును. అక్క పరికిణీ చెల్లెలికి వచ్చును. ఒక జత ఈ విధముగ ఇద్దరు ముగ్గురిని సాకెడిది. ఇప్పుడు కొన్ని విద్యాసంస్థలు రెండుమూడేండ్లకొకసారి రంగు మార్చుచున్నవి. గీతల గుడ్డకు బదులు గళ్ల గుడ్డ నిర్ణయించుచున్నవి. అట్లు మార్చిననాడు పెట్టెలో దాచిన అన్న చొక్కా ఒక్కసారిగ పనికిరానిదగును. గుడ్డ చిరుగలేదు, రంగు వెలియలేదు. అయినను తమ్ముడు దానిని తొడిగి బడికి పోరాదు. ఆ మార్పు వలన విద్యార్థి విద్యలో ఒక్క అక్షరమైనను పెరుగదు. తల్లిదండ్రుల ఖర్చు మాత్రము పెరుగును.

దీనికి తోడు, ఫలానా దుకాణమునందే కొనవలెనను నిర్బంధము మరియొకటి. పోటీ లేని చోట ధర దిగదు. ఊరి అంగడిలో గుడ్డ కొని వీధి దర్జీచేత కుట్టించుకొన్నచో కొంత మిగులును. ఆ దర్జీకిని నాలుగు రూపాయలు దొరకును. జేబుపై ముద్ర నేసిన చొక్కా ఒక్కచోటనే దొరకునపుడు బేరమునకు తావేది? పాఠశాలలు పుస్తకములు, దుస్తులు అమ్ము వ్యాపారము చేయరాదని కేంద్ర మాధ్యమిక విద్యామండలి 2017లోనే తన పాఠశాలలను హెచ్చరించినది. హెచ్చరిక అవసరమైనదనగా ఆ దోషము కలదనియే అర్థము.

ప్రభుత్వములు ఈ విషయమున ఊరకున్నవనుట న్యాయము కాదు. కామరాజు నాడారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, అనగా 1954-63 నడుమ, మద్రాసు రాష్ట్రమున బీదపిల్లలకు మధ్యాహ్నభోజనముతోపాటు దుస్తులనిచ్చు ప్రయత్నము కూడ సాగెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలబాలికలకు నిర్బంధ ఉచిత విద్య హక్కు అని 2009లో పార్లమెంటు చట్టము చేసినది. విద్య పూర్తిచేయుటకు అడ్డు వచ్చు ఎట్టి రుసుమును గాని, ఖర్చును గాని బిడ్డపై మోపరాదని ఆ చట్టము చెప్పుచున్నది. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకము ప్రభుత్వ పాఠశాలలలోని అర్హులైన పిల్లలకు ఏటా రెండు జతల దుస్తులకై 600 రూపాయల వరకు కేటాయించినది. ఆంధ్రప్రదేశమున 2020లో మూడు జతల గుడ్డయు, బూట్లును, బెల్టును, సంచియు కలిపి ఇచ్చు పద్ధతి వచ్చినది. తెలంగాణమున సిరిసిల్ల మరమగ్గములపై నేసిన గుడ్డ బడిపిల్లల దుస్తులకు వాడబడినది. 2024లో కుట్టుపనిని మహిళాసంఘములకు అప్పగించిరి. నేతగానికి పని, స్త్రీలకు ఆదాయము, బిడ్డకు దుస్తులు - ఈ మూడును ఒక్క ఏర్పాటులో కూడివచ్చుట మెచ్చదగినది.

అయినను రెండు లోపములు గమనింపదగియున్నవి. దుస్తులు బడి తెరచునాటికి అందక, దీపావళికి అందినచో, ఆ నడిమి నెలలలో తల్లిదండ్రులు తమ డబ్బుతో కొననే కొనవలెను. అట్టి ఉచితము సగము ఉచితము మాత్రమే. రెండవది, ఈ పథకముల నీడ ప్రైవేటు పాఠశాలల పిల్లలపై పడదు. ఆ పాఠశాలలలో చదువువారందరు ధనవంతుల బిడ్డలే యనుకొనుట పొరపాటు. ఆటో నడుపువాడును, కూరగాయలు అమ్ము స్త్రీయు కడుపు కట్టుకొని తమ పిల్లలను అచ్చటికి పంపుచున్నారు.

ఒక చొక్కా విద్యను నిజముగా ఆపునా యని కొందరు సందేహింతురు. ఈ సందేహమునకు ఆఫ్రికాఖండములోని కెన్యా దేశము సమాధానము చెప్పినది. ఆ దేశమున 2003లో ప్రాథమిక పాఠశాలలలో రుసుమును తీసివేసిరి. యూనిఫారము మాత్రము తల్లిదండ్రులే కొనవలసియుండెను. అచ్చటి పశ్చిమప్రాంతమున కొన్ని బడుల ఆరవతరగతి పిల్లలకు ఉచితముగ దుస్తులిచ్చి, ఇవ్వని బడులతో పోల్చిచూచిరి. ఎస్థర్ డుఫ్లో, పాస్కలీన్ డుపా, మైకేల్ క్రీమర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఆ ఫలితములను 2015లో ప్రకటించిరి. దుస్తులివ్వని బడులలో మూడేండ్లలో నూటికి సుమారు 19 మంది బాలికలు చదువు మానగా, ఇచ్చిన బడులలో ఆ సంఖ్య 16కు తగ్గెను. నూటికి ముగ్గురే గదా యని తేలికగ చూడరాదు. ఆ ముగ్గురి జీవితములు వారికి పూర్తి జీవితములే.

అట్లయినచో యూనిఫారమునే తీసివేయుట మేలుగదా యని మరికొందరందురు. ఈ వాదము తొందరపాటుతో కూడినది. నియమము లేనినాడు కలవారి పిల్లలు దినమునకొక క్రొత్తదుస్తుతో వత్తురు. లేనివారి పిల్లలు ఉన్న ఒక్క అంగీని ఉతుకుకొని వత్తురు. మొదట చెప్పిన భేదము మరల తరగతిలో కూర్చుండును. అందరి బట్టలు అచ్చుగ్రుద్దినట్లు ఒకే విధముగ ఉన్నగాని క్రమశిక్షణ నిలువదని విద్యాసంస్థల నడుపువారందురు. ఇదియు సరికాదు. నీలిరంగులో ఒకరిది కొంచెము ముదురు, ఒకరిది కొంచెము లేతయైనంతమాత్రమున పాఠము చెడదు. క్రమశిక్షణ వేళకు వచ్చుటలో, శ్రద్ధగ వినుటలో, తోడివానిని గౌరవించుటలో కలదు. కావున యూనిఫారము ఉండవలెను. అది ఊరిలోని కడుబీద ఇల్లు కూడ కొనగలిగినదై యుండవలెను.

ఇందుకు మార్గములు కఠినమైనవి కావు. ఏ అంగడియందైనను దొరకు సాదా గుడ్డను నిర్ణయింపవలెను. ముద్ర కావలసినచో విడిగ కుట్టుకొను చిన్నగుడ్డముక్కగ ఇవ్వవలెను. రంగు మార్చవలసివచ్చినచో మూడేండ్లు ముందుగ తెలిపి, పాతదుస్తులు చినుగువరకు అనుమతింపవలెను. వేసవి సెలవులకు ముందు ప్రతి పాఠశాలయు పొట్టియైన దుస్తులను సేకరించి, ఉతికించి, కావలసినవారికి అందజేయు ఏర్పాటు చేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, యూనిఫారము లేదని ఏ బిడ్డనును తరగతి వెలుపల నిలువబెట్టరాదు. కారణమును ఉపాధ్యాయుడు ఏకాంతమున అడుగవలెను. అప్పు పుట్టక కొనలేకపోయిన తండ్రి దోషమునకు - అది దోషమైనచో - బిడ్డను శిక్షించుట ధర్మము కాదు.

బాలబాలికలు చేయవలసినది కూడ కొంత కలదు. వెలిసిన చొక్కా తొడిగిన తోటివానిని చూచి నవ్వకుండుట మొదటి ధర్మము. తాను విడిచిన మంచి దుస్తులను చిన్నవారికి ఇచ్చుట రెండవది; ఇతరుల దుస్తులను పుచ్చుకొనుటకు సిగ్గుపడకుండుట మూడవది. అన్న చొక్కా తొడిగిన తమ్ముడు పరాయిసొమ్ము తొడుగలేదు. తన ఇంటివారి పొదుపును తొడిగినాడు. అందరును సమానులని చెప్పుటకై పుట్టిన ఈ దుస్తులు ఏ ఒక్క బిడ్డకును బడిదారి మూయకుండ చూచుట పాలకులు, పాఠశాలలు, పౌరులు అందరి బాధ్యత.