కొలబద్ద చేతిలో ఉండగా భయమెందుకు?

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి. మంజీర, హరిద్ర నదులు అక్కడే గోదావరిలో కలుస్తాయి. ఈ నది పేరు మన బైబిలులో లేదు కాని ఒక ప్రాచీన బౌద్ధ గ్రంథంలో ఉంది. పాళీ భాషలోని సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణ గురువు కథ వస్తుంది. అస్సక దేశంలో గోదావరి తీరాన నివసించిన ఆయన తన 16 మంది శిష్యులను ప్రశ్నలతో బుద్ధుని వద్దకు పంపాడు. ఆ దేశపు రాజధాని పోదన నేటి బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. శిష్యులు అడిగింది ధనం గురించి కాదు. దుఃఖాన్ని, ముసలితనాన్ని, మరణాన్ని దాటే దారి గురించి!

'బైబిలు ఉండగా ఇవన్నీ మనకెందుకు?' అని విశ్వాసులు అడగవచ్చు. జవాబు బైబిలులోనే ఉంది. దానియేలు కల్దీయుల విద్య నేర్చుకున్నాడు, అయినా తన దేవుణ్ణి విడువలేదు. పౌలు ఏథెన్సు వీధుల్లో తిరిగి వారి పూజాస్థలాలను గమనించాడు, వారి కవుల మాటలను ఉదహరిస్తూనే సువార్త చెప్పాడు (అపొ. కార్య. 17). యూదా తన పత్రికలో హనోకు ప్రవచనాన్ని ప్రస్తావించాడు. ఆ మాటలున్న హనోకు గ్రంథం మన 66 పుస్తకాల్లో లేదు.

యేసుప్రభువు ఆలయ ప్రతిష్ఠిత పండుగనాడు దేవాలయంలో ఉన్నారని యోహాను రాశాడు (10:22, 23). ఆ పండుగ ఎలా పుట్టింది? క్రీ.పూ. 164లో యూదా మక్కబీ అపవిత్రమైన ఆలయాన్ని శుద్ధి చేయించిన చరిత్రను మక్కబీయుల గ్రంథాలు చెబుతాయి. మార్టిన్ లూథర్ 1534 నాటి జర్మన్ బైబిలులో ఇలాంటి పుస్తకాలను విడిగా చేర్చాడు. అవి లేఖనాలతో సమానం కావని, అయినా చదవదగినవేనని చెప్పాడు. మనం ప్రొటెస్టెంట్లమని చెప్పుకుంటూ ఆ మాటలో సగమే గుర్తుపెట్టుకున్నాం.

ప్రామాణిక గ్రంథాల పట్టికను 'కానన్' అంటారు. ఆ గ్రీకు మాటకు కొలబద్ద అని అర్థం. కొలబద్ద ఉన్నది కొలవడానికే. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని పౌలు థెస్సలొనీక సంఘానికి బోధించాడు. చదవకుండా పరీక్షించడం ఎలా?

అసలు ప్రమాదం మరొకటి ఉంది. ఇరుగుపొరుగువారి గ్రంథాల్లో ఫలానా మాట ఉందని ఎవరో చెప్పగా విని, వేదిక మీద అదే వల్లిస్తుంటాం. అది నిజం కాకపోతే? పొరుగువానిపై అబద్ధ సాక్ష్యం పలకరాదన్న తొమ్మిదవ ఆజ్ఞను సువార్త పేరుతోనే మీరినవాళ్లమవుతాం. మన మాట అబద్ధమని తెలిసిన పొరుగువాడు మన సువార్తను మాత్రం ఎందుకు నమ్ముతాడు?

అన్ని గ్రంథాలూ ఒకటేనని చెప్పడం నా ఉద్దేశం కాదు. మన పాపాల కోసం సిలువపై ప్రాణం పెట్టి తిరిగి లేచిన ప్రభువు బావరి శిష్యుల కథలో లేడు. ఆయనను మనం బైబిలులోనే కలుసుకుంటాం. అయితే మరణాన్ని దాటే దారి కోసం మన గోదావరి తీరంలోనే మనుషులు ఆరాటపడ్డారని తెలిస్తే, పొరుగువానితో మాట్లాడే తీరు మారుతుంది. వాదన తగ్గి ఆలకించడం పెరుగుతుంది.

నిజామాబాద్, బోధన్ సంఘాల్లో యౌవనస్థుల కూడికలకు కొదువ లేదు. నెలకొకసారైనా కాపరి సమక్షంలో, బైబిలు తెరిచి ఉంచి, ఇలాంటి ఒక ప్రాచీన గ్రంథాన్ని చదివి చర్చించుకోవచ్చు. సత్యాన్ని ఎరిగిన విశ్వాసం ఒక పుస్తకం తెరిచినంత మాత్రాన కూలిపోదు.