సంతకం సరే... వద్దనే వీలుందా?

మందుల ప్రయోగాలకు జనం ఎందుకు ఒప్పుకుంటారు? "పైసల కోసమే" అని చాలామంది తేల్చేస్తారు. అది సగం నిజమే. పైసలతో పాటు అడిగినవాళ్ల మీద భరోసా, జబ్బు నయమవుతుందన్న ఆశ కూడా పనిచేస్తాయి.

భరోసా సంగతే చూడండి. 2009లో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో, 10–14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఓ అధ్యయనంలో భాగంగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. వీళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలూ ఉన్నారు. విమర్శలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. తర్వాత జరిగిన విచారణలో 9,543 అంగీకార పత్రాలు చూస్తే 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుపట్టింది. ఇక్కడ సమస్య టీకా కాదు, ఇవాళ ఎన్నో దేశాలు దాన్ని ఇస్తున్నాయి. సమస్య అడిగిన పద్ధతి. సర్కారు మనుషులే వచ్చి టీకా అంటే, ఇది అధ్యయనమా అని ఏ తల్లి అడుగుతుంది?

రెండోది ఆశ. ప్రయోగంలో ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు అన్నది చాలాసార్లు లాటరీ పద్ధతిలో తేలుతుంది. రోగి మాత్రం "డాక్టర్ సాబ్ నా మంచికే ఇస్తున్నారు" అనుకుంటాడు. 1982లోనే అమెరికా పరిశోధకులు ఈ పొరపాటును గుర్తించి దానికో పేరు కూడా పెట్టారు. చదువుకున్నవాళ్లూ ఇందులో పడతారు.

ఇక పైసలు. రోజు కూలీకి చేతికొచ్చే సొమ్ము ఇవాళే కనిపిస్తుంది. రిస్క్ రేపటి మాట. లెక్క అక్కడే తప్పుతుంది.

అలాగని ప్రయోగాలే వద్దంటే కొత్త మందులు రావు. 2019 నిబంధనల ప్రకారం ఇష్టం లేకపోతే మధ్యలోనైనా తప్పుకోవచ్చు. ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. కానీ కాగితం మీది హక్కు తెలిస్తేనే పనికొస్తుంది.

అందుకే సంతకానికి ముందు మూడు మాటలు అడగండి. ఇది వైద్యమా, ప్రయోగమా? నాకు ఉత్తుత్తి మందు రావచ్చా? వద్దంటే నా మామూలు వైద్యం ఆగుతుందా? మూడోదానికి "ఆగదు" అన్న జవాబు సూటిగా రాకపోతే పెన్ను కింద పెట్టండి. వద్దనే వీలు లేనిచోట పెట్టిన సంతకం ఒప్పుకోలు కాదు.