ముఖానికి ఆమ్లం పూయించుకొనే ముందు

గడచిన షాబాన్ నెలలో మా మదరసా బాలికల విభాగంలో చదువుకొనే ఒక విద్యార్థిని తల్లి మా ఇంటికి వచ్చి, మా ఇల్లాలి ద్వారా మాకొక ప్రశ్న పంపించారు. "మౌల్వీసాబ్‌ను అడిగి చెప్పండి ఆపా! పెద్దమ్మాయికి బక్రీదు తరువాత నికాహ్ నిశ్చయించాము. బుగ్గల మీద మొటిమలు మానిన నల్లమచ్చలున్నాయి. కెమికల్ పీల్ చేస్తే తగ్గుతాయని చర్మవైద్యురాలు అన్నారు. అలా ముఖచర్మాన్ని ఒలిపించుకోవడం అల్లాహ్ సృష్టిని మార్చడం కిందికి వస్తుందా?" ఇంతవరకు ప్రశ్న సవ్యంగానే ఉన్నది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆమె మరొక మాట చేర్చారట: "పనిలో పనిగా రంగు కూడా కాస్త తేలుతుందేమో! వియ్యపురాలు ఒకసారి ఆ మాట అన్నారు."

మేము వెంటనే జవాబు చెప్పలేదు. వస్తువు స్వరూపం తెలియకుండా దాని హుకుం చెప్పరాదన్నది మా ఉస్తాదులు నేర్పిన మొదటి పాఠం. తెలిసిన చర్మవైద్యులొకరిని కలిసి, రెండు సాయంకాలాలు కూర్చుని, అడగవలసినవన్నీ అడిగి తెలుసుకున్నాము.

చర్మంపై ఒక ఆమ్లాన్ని నిర్ణీతమైన గాఢతలో, నిర్ణీతమైన సమయం ఉంచి, పైపొరకు ఉద్దేశపూర్వకంగానే స్వల్ప గాయం చేస్తారు. ఆ పొర కొన్ని రోజులలో పొట్టుగా రాలిపోతుంది, అడుగు నుండి కొత్త చర్మం పైకి వస్తుంది. పీల్ అంటే ఇంతే. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. పాల్ గెర్సన్ ఉన్నా అనే జర్మన్ చర్మవైద్యుడు 1882లోనే సాలిసిలిక్ ఆమ్లం, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం, ఫినాల్ మొదలైనవి చర్మంపై చేసే పనిని వివరించాడు. నేడు వీటితోపాటు చెరకులో ఉండే గ్లైకాలిక్ ఆమ్లాన్నీ, పులిసిన పాలలో ఏర్పడే లాక్టిక్ ఆమ్లాన్నీ, చేదుబాదంతో ముడిపడిన మాండెలిక్ ఆమ్లాన్నీ వాడుతున్నారు. సాలిసిలిక్ ఆమ్లం జిడ్డులోకి చొచ్చుకుపోగలదు గనుక మూసుకుపోయిన చర్మరంధ్రాలలోకి దిగుతుంది. మొటిమలకు దానిని ఎన్నుకోవడానికి కారణం అదే. చెరకు, పాలు, బాదం అన్న పేర్లు విని ఇది వంటింటి చిట్కా అని ఏ ఇల్లాలూ భ్రమపడవద్దు. వైద్యులు వాడే గ్లైకాలిక్ ఆమ్లం గాఢత 20 నుండి 70 శాతం వరకు ఉంటుంది. సమయం కాగానే దానిని సోడా ద్రావణంతోనో నీటితోనో విరిచివేయకపోతే అది లోపలికి దిగుతూనే ఉంటుంది.

లోతును బట్టి పీల్ మూడు విధాలు. పైపొరకే పరిమితమైనది మొదటిది. మూడు నుండి ఏడు రోజులలో పొట్టు రాలి మానుతుంది. రెండవది దాని కింది చర్మపు పైభాగం వరకు వెళుతుంది. మూడవది ఇంకా లోతైనది, ఫినాల్‌తో చేసేది. ఫినాల్ రక్తంలోకి చేరి గుండె లయను తప్పించగలదు గనుక గుండెను యంత్రంతో కనిపెడుతూ చేయవలసిన చికిత్స అది. మనవంటి చామనఛాయ, నల్లని చర్మాలకు వైద్యులు చాలావరకు మొదటి రకంతోనే ఆగుతారు. దీనికి కారణం తెలుసుకోదగినది. మన చర్మంలో రంగునిచ్చే కణాలు చురుకైనవి. గాయమైతే అవి మరింత రంగును ఉత్పత్తి చేస్తాయి. లోతు కాస్త మించినా, మానకముందే ఎండ తగిలినా, ఉన్న మచ్చ పోకపోగా దానికంటె పెద్ద మచ్చ పడుతుంది.

ఇది మేము కళ్ళారా చూసినది కూడా. కొన్నేళ్ళ క్రితం మా మేనకోడలు నికాహ్‌కు పది రోజుల ముందు ఒక బ్యూటీ పార్లరుకు వెళ్ళింది. అక్కడి మనిషి వైద్యురాలు కాదు. పూసిన ఆమ్లం పేరేమిటో, గాఢత ఎంతో మా చెల్లెలు అడగనూ లేదు, వారు చెప్పనూ లేదు. మంట పుడుతున్నదని పిల్ల అంటే "పనిచేస్తున్నదని అర్థం" అన్నారట. పెళ్ళినాడు ఆ పిల్ల ఘూంఘట్ ఎత్తలేదు. సిగ్గని అందరూ మెచ్చుకున్నారు. బుగ్గపై ఆ మరక మాసిపోవడానికి సంవత్సరం పైగా పట్టింది. ఆమె గర్భవతి అయినప్పుడు మంగు కూడా తోడైంది. అది వేరే బాధ.

ఇక షరీఅత్ మాట. అందం కోసం పచ్చబొట్టు పొడిపించుకొనే, పళ్ళ మధ్య సందు చేయించుకొనే స్త్రీలను, అల్లాహ్ సృష్టిని మార్చేవారిగా దైవప్రవక్త (సల్లం) శపించారన్న హదీసును హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ అది ఉన్నది. ముఖచర్మాన్ని ఒలిపించుకోవడంపై ముస్నద్ అహ్మద్‌లో వేరుగా ఒక రివాయత్ ఉన్నది గాని, దాని సనద్ బలహీనమని ముహద్దిసులు అన్నారు. మరొక వైపు, యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న హజ్రత్ అర్‌ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టుకొమ్మని దైవప్రవక్త (సల్లం) ఆయనకు చెప్పారు. పురుషులకు బంగారం నిషిద్ధమై ఉండగా ఈ అనుమతి ఇవ్వడాన్ని ఫుఖహాలు గమనించారు. వచ్చిపడిన లోపాన్ని సరిచేసుకోవడం ఒకటి, పుట్టుకతో వచ్చిన రూపాన్ని కాదనడం మరొకటి. మంగుమచ్చలను అరబ్బీలో కలఫ్ అంటారు. వాటిని పోగొట్టే మందులలో తప్పు లేదని ఆరవ శతాబ్ది హిజ్రీ నాటి ఇబ్నుల్ జౌజీ స్త్రీల ధర్మాలపై రాసిన గ్రంథంలోనే అభిప్రాయపడ్డారు.

కాబట్టి మొటిమల మచ్చకు, మంగుకు, తెలిసిన వైద్యురాలి చేత చేయించుకొనే పైపై పీల్ చికిత్స అవుతుంది. ఇందులో మాకు అభ్యంతరం కనిపించలేదు. తల్లి గుమ్మం దగ్గర చేర్చిన రెండవ మాటకు మాత్రం వైద్యుడూ, ఫిఖహ్ గ్రంథమూ ఒకే జవాబు చెప్పడం మమ్మల్ని ఆశ్చర్యపరచింది. పీల్ పుట్టురంగును మార్చలేదు. రాలిన పొర స్థానంలో వచ్చే చర్మం ఆ మనిషి చర్మమే, ఆ మనిషి రంగే. మురికి, మోడు పోయి కొన్నాళ్ళు కాంతిగా కనిపిస్తుంది, అంతే. మనుషుల రంగుల భేదాన్ని అర్-రూమ్ సూరా 22వ ఆయతులో అల్లాహ్ తన సూచనలలో ఒకటిగా ఎంచాడు. దానిని తేల్చుతామని చెప్పి డబ్బు తీసుకొనేవారు అబద్ధమాడుతున్నారు.

చేయించుకొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. గర్భవతులు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు, పెదవి చుట్టూ జ్వరపొక్కులు తరచూ వచ్చేవారు, గాయం మానినచోట గడ్డకట్టే చర్మం ఉన్నవారు ముందే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. బజారులో "తెల్లబడే క్రీము" పేరుతో స్టెరాయిడ్ కలిసినది నెలల తరబడి రాసుకున్నవారు దానిని దాచనే కూడదు. ఆ చర్మం పలచబడి ఉంటుంది. బురఖా ధరిస్తాము గదా, ఎండకు రాసే క్రీము మాకెందుకని మన ఆడవారు అంటారు. డాబా మీద బట్టలు ఆరవేసేటప్పుడు ముఖంపై ఏ నఖాబూ ఉండదు.

వుజూ సంగతి చాలామంది అడుగుతారు. పైపై పీల్ తరువాత చల్లని నీటితో మెల్లగా కడుక్కోవడాన్ని వైద్యులు సాధారణంగా వద్దనరు. రుద్దడాన్ని, పొట్టు పీకడాన్ని వద్దంటారు. ముఖం ఒక్కసారి కడిగితే ఫర్జ్ నెరవేరుతుంది. చర్మం పచ్చిగా ఉండి నీరు హాని చేస్తుందని వైద్యురాలు చెబితే తడిచేతితో మసహ్ చేయాలి, అది కూడా హానికరమైతే ఆ చోటు వదలవచ్చును. పొట్టు రాలినంత మాత్రాన వుజూ భంగం కాదు. రక్తం కారితే మన హనఫీ ఫిఖహ్ ప్రకారం అవుతుంది. చర్మంపై పూత వలన రోజా కూడా పోదు.

ఈ సంగతులన్నీ మా ఇల్లాలి చేత ఆ తల్లికి చెప్పించాము. పీల్ ఒక్కసారితో అయ్యేది కాదు, రెండు నుండి నాలుగు వారాల ఎడంతో కొన్నిసార్లు చేయాలి. ముందు కొన్ని వారాలు చర్మాన్ని సిద్ధం చేయాలి. చివరిది నికాహ్‌కు నెల ముందే ముగియాలి. ఆమె వేళ్ళపై లెక్కించుకొని, మూడుసార్లకు వ్యవధి ఉందన్నారు. రంగు మాట విన్నాక కొంతసేపు ఏమీ మాట్లాడలేదట. "మరి వియ్యపురాలికి ఈ మాట ఎవరు చెబుతారు ఆపా?" అని మాత్రం అడిగారట. ఆ ఇంటి పెద్ద మాకు ఎరుకైనవారే. వచ్చే జుమా తరువాత మేమే వెళ్ళి మాట్లాడతామని కబురు పంపాము.