మంచుకొండ పక్షికి కెమెరా గండం

చైత్రం అడుగుపెట్టగానే తెలుగునాట వేపలు పూతకు వస్తే, హిమాలయ సానువులలో బురాన్స్ వృక్షాలు ఎర్రని పూలతో విరగబూస్తాయి. గఢ్వాల్, కుమావూన్ పల్లెలలో పిల్లలు పూలు ఏరుకొచ్చి ఇంటింటి గడపపై చల్లి వసంతాన్ని ఆహ్వానించే ‘ఫూల్ దేయీ’ పండుగ కూడా అప్పుడే. దిగువ లోయలలో శీతకాలాన్ని గడిపిన పక్షులు కరుగుతున్న మంచు వెంబడి మెట్టుమెట్టుగా పైకి పోయి జతకట్టి గూళ్లు పెట్టే రుతువు అది. ఇటీవలి సంవత్సరాలలో ఆ పక్షుల వెంటనే మరొక వలస కూడా సాగుతున్నది. మూరెడు లెన్సుల కెమెరాలు భుజాన వేసుకున్న నగరవాసుల వలస అది.

తుపాకి పట్టిన చేయి కెమెరా పట్టడం నాగరికత సాధించిన ముందడుగే. అయితే పక్షి గుడ్లు పొదిగే వేళ, దాని గూటి ముంగిట నిలిచిన కెమెరా తుపాకికి ఎంత దూరంలో ఉన్నదన్నదే నేటి ప్రశ్న.

ఉత్తరాఖండ్ రుద్రప్రయాగ జిల్లాలోని చోప్తా సముద్రమట్టానికి దాదాపు 2,700 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుంచి కాలిబాట 3,680 మీటర్ల ఎత్తున వెలసిన తుంగనాథ ఆలయానికి పోతుంది. అడవి ముగిసి పచ్చికబయలు మొదలయ్యే ఆ వాలులలో మోనాల్ నివాసం. నెమలి, అడవికోడి కుటుంబానికి చెందిన ఈ పక్షి ఉత్తరాఖండ్ రాష్ట్ర పక్షి, నేపాల్ జాతీయ పక్షి. మగపక్షి మెడ మీద ఆకుపచ్చ, రాగి, ఊదా రంగులు ఎండపొడకు లోహంలా మెరుస్తాయి. తుంగనాథ స్వామి ఇంకా మక్కుమఠ్‌లోని శీతకాల ఆవాసంలో ఉండగానే, భక్తులకంటె ముందుగా కెమెరా యాత్రికులు కొండ ఎక్కడం మొదలుపెడుతున్నారు. వారిని రప్పిస్తున్నది ఈ మెరుపే.

పొట్ట నింపే పిట్ట

ఈ యాత్రను కేవలం కాలక్షేపమని కొట్టివేయడం తగదు. ఉత్తరాఖండ్ కొండ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం మైదానాలకు సాగుతున్న వలస జగమెరిగినదే. 2011 జనాభా లెక్కల ప్రకారం పౌడీ గఢ్వాల్, అల్మోరా జిల్లాలలో అంతకు పదేళ్ల క్రితం కంటె జనాభా తగ్గిపోయింది. తలుపులకు తాళాలు పడి, మెట్టపొలాలు బీళ్లు పడిన పల్లెలకు అక్కడ కొదవ లేదు. అటువంటి చోట, ఏ చెట్టుపై ఏ పిట్ట వాలుతుందో చిన్ననాటి నుంచి ఎరిగిన యువకుడు మార్గదర్శిగా నాలుగు రూకలు సంపాదించి సొంత ఊళ్లోనే నిలవగలుగుతున్నాడు. ఇంట్లో రెండు గదులు అతిథులకు ఇచ్చిన గృహిణికి ఆదాయం వస్తున్నది. కర్మాగారం రాని కొండకు పిట్టే పెట్టుబడి అయినది. ఈ పర్యటనలను సమూలంగా నిషేధించాలనే వారు ఈ వాస్తవాన్ని విస్మరించరాదు.

చిక్కల్లా ఆ సంపాదన నడుస్తున్న తీరులోనే ఉన్నది. రెండు రోజుల సెలవుపై వచ్చిన పట్నవాసికి ఓపిక తక్కువ. డబ్బు చెల్లించాడు గనుక పక్షి కనిపించి తీరాలి. కనిపించడమే కాదు, దగ్గరగా, వెలుతురులో, కొమ్మ అడ్డు లేకుండా నిలవాలి. ఆ కోరిక తీర్చలేని మార్గదర్శికి మరునాడు పని దొరకదు. అందుచేత పక్షి కూతను ముందే రికార్డు చేసి, పొదల వద్ద మళ్లీ మళ్లీ వినిపించే పద్ధతి వ్యాపించింది. తన హద్దులోకి ప్రత్యర్థి చొరబడిందని భ్రమించిన మగపక్షి మేత మాని, కాపలా మాని, లేని శత్రువు కోసం వెతుకులాడుతుంది. ఒక బృందం పోగానే మరొక బృందం అదే కూత వినిపిస్తుంది. కముజు పిట్టలను పట్టే వేటగాళ్లు దీమం పిట్టను కూయించి అడవి పిట్టను రప్పించడం తెలుగు పల్లెలు ఎరిగినదే. పరికరం మారింది గాని పన్నాగం అదే. గింజలు చల్లి పక్షులను రప్పించి, గుడ్డ తెరల చాటు నుంచి ఫొటోలు తీసే మాటులు కూడా కుమావూన్ కొండలలో వెలిశాయి. దీమం, ఎర, మాటు, గురి - వేటగాడి మాటలన్నీ కెమెరాకూ వర్తించడం యాదృచ్ఛికం కాదు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది గూటి ఫొటో. మోనాల్ గూడు నేల మీదే ఉంటుంది. గుడ్లు పొదిగే భారం ఆడపక్షిదే. మనిషి అలికిడికి అది లేచిపోతే చలిగాలికి గుడ్లు చల్లబడతాయి. కాకులకు, మార్టెన్ వంటి అడవి జంతువులకు దారి దొరుకుతుంది. అడ్డుగా ఉన్నదని తుంచిన ఆకు, పక్కకు వంచిన కొమ్మ గూటి గుట్టును బయటపెడతాయి. ఎత్తయిన కొండలలో వెచ్చని రోజులు కొద్ది. ఆ కొద్దిపాటి గడువులో చెడిన గూటికి బదులు మరొకటి కట్టి పిల్లలను పెంచే అవకాశం అంతంతమాత్రమే. పత్రికలో అచ్చయ్యే అందమైన బొమ్మ వెనుక పిల్లలు లేని గూడు మిగిలిపోవచ్చును. దానిని ఏ ఫొటోలోనూ ఎవరూ చూడరు.

చట్టం ఏమంటున్నది?

చట్టం లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనం చంపడంతో ఆగలేదు. ఎర వేయడాన్ని, అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించి కలత పెట్టడాన్ని కూడా వేటగానే పరిగణించింది. మోనాల్ ఆ చట్టం మొదటి షెడ్యూలులోని పక్షి. దానిని వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. అభయారణ్యాలలో ఫొటోలు తీయడానికి అనుమతి విధానాన్ని కూడా ఆ చట్టమే ఏర్పరచింది. 2022లో చేసిన సవరణ, వన్యప్రాణులకు గాని వాటి ఆవాసానికి గాని హాని కలిగించని ఫొటోగ్రఫీకే ఆ అనుమతి అని స్పష్టం చేసింది. ‘బుగ్యాల్’లని పిలిచే పచ్చికబయళ్లలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో నిషేధించింది. ఇన్ని ఉన్నా, కొండదారిలో కాపు కాసే అటవీ ఉద్యోగికి తుపాకి పట్టినవాడు నేరస్థుడుగా కనిపించినంత సులభంగా కెమెరా పట్టినవాడు కనిపించడు. లోపం అక్షరాలలో లేదు, చూపులో ఉన్నది.

ఏమరుపాటుకు కొండ చెల్లించిన మూల్యం కొత్తది కాదు. హిమాలయ కౌజుపిట్ట చివరిసారిగా నైనితాల్ సమీపాన 1876లో కనిపించింది. అటుపై దాని ఆచూకీ లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో టోపీకి అలంకారంగా వాడే తురాయి కోసం మోనాల్‌ను వేటాడిన కాలం ఉన్నది. నాడు తురాయి టోపీకెక్కితే గౌరవం. నేడు అదే తురాయి తెరకెక్కితే మెప్పు. రెండింటికీ వెల చెల్లించేది పక్షే.

బుగున్లు చూపిన దారి

ప్రత్యామ్నాయం ఊహాజనితమేమీ కాదు. అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమ కామెంగ్ జిల్లాలో ఈగల్‌నెస్ట్ అడవుల చెంత రమణ ఆత్రేయ అనే ఖగోళ శాస్త్రవేత్త 2006లో ఒక కొత్త పక్షి జాతిని లోకానికి వెల్లడించారు. హైదరాబాద్ సంస్థానంలో 1931-32లో సలీం అలీ పక్షుల సర్వే జరిపిన రోజులలో పక్షిని కొట్టి చర్మాన్ని భద్రపరచడమే శాస్త్రసమ్మతమైన పద్ధతి. ఆత్రేయ ఆ పని చేయలేదు. కనిపించినవి పద్నాలుగు పక్షులు మాత్రమే గనుక ఒక్కదానిని చంపడం కూడా తగదని భావించి, ఫొటోలు, రాలిన ఈకలు, కూత రికార్డుల ఆధారంగానే దానిని వర్ణించారు. అక్కడి బుగున్ తెగ పేరిట అది ‘బుగున్ లియోసిక్లా’ అయినది. సింగ్‌చుంగ్ గ్రామానికి చెందిన బుగున్లు దాని ఉనికికోసం తమ అడవిలో 17 చదరపు కిలోమీటర్లను 2017లో సామాజిక అభయారణ్యంగా ప్రకటింపజేశారు. గస్తీ తిరిగేది ఊరి యువకులే. పక్షి ప్రేమికుల రాకతో వచ్చే ఆదాయం ఊరికి చేరుతున్నది. పక్షి పోతే జీవనోపాధి పోతుందని తెలిసిన ఊరు పక్షికి మించిన కాపలా.

స్థానికుని తెలివికి విలువ కట్టడం తెలుగువారికీ తెలియని సంగతి కాదు. అంతరించిపోయిందని భావించిన కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి బయటపడింది ఒక స్థానిక పిట్టల వేటగాని వల్లనే. పక్షి వీక్షకుల శ్రమ కూడా వృథా కాదు. 2023లో వెలువడిన ‘భారత పక్షుల స్థితి’ నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులకు తక్షణ శ్రద్ధ అవసరమని తేల్చింది. దానికి ఆధారం దేశమంతటా ముప్పై వేలమందికి పైగా పక్షి ప్రేమికులు నమోదు చేసిన పరిశీలనలే. దూరం నుంచి చూసి, రాసి పెట్టిన చూపు పక్షికి రక్ష. గూటిలోకి చొరబడిన చూపు శిక్ష.

కావలసినది నిషేధం కాదు, నియమం. గూళ్లు పెట్టే నెలలలో రికార్డు కూతలను వినిపించడాన్ని ఎత్తయిన అభయారణ్యాలన్నింటా నిలిపివేయాలి. స్థానిక యువకులకు శిక్షణ, గుర్తింపు పత్రం ఇచ్చి, గూటి వద్దకు తీసుకుపోతే ఆ పత్రం రద్దవుతుందని చెప్పాలి. కెమెరా రుసుములో వాటా నేరుగా గ్రామ వన పంచాయతీకి చేరాలి. గూటి ఫొటోలకు బహుమతులు ఇవ్వబోమని పోటీల నిర్వాహకులు, అచ్చు వేయబోమని పత్రికలవారు నిశ్చయించుకోవాలి. ఫొటోకు గిరాకీ తగ్గితే గూటికి ఒత్తిడి తగ్గుతుంది.

హిమాచల్ రాష్ట్ర పక్షిని అక్కడివారు ‘జుజురానా’ అంటారు, అంటే పక్షిరాజు. లోకంలోని పక్షులన్నీ తలా ఒక ఈక ఇవ్వగా అది రూపుదిద్దుకున్నదని వారి కథ. మనుషులు ఈకలు ఇవ్వనక్కరలేదు. గూటికి నాలుగడుగుల దూరం ఇస్తే చాలు.