వైద్యంలో బిల్లూ ఓ భాగమే

ఆస్పత్రి నుంచి ఇంటికి బయల్దేరేటప్పుడు మందుల సంచీ మర్చిపోం. ఎక్స్‌రే కవరు మర్చిపోం. బిల్లు సంగతి మాత్రం పట్టించుకోం. కౌంటర్లో ఎంత చెబితే అంత కట్టేసి, మనిషి దక్కాడు అంతే చాలనుకుని బస్సెక్కేస్తాం. నెల తిరిగేసరికి ఆ కాగితమే కావాల్సి వస్తుంది. అప్పుడు మళ్లీ ఆస్పత్రి చుట్టూ తిరుగుడు మొదలు.

పులికాట్ సరస్సు ఒడ్డున తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం మండలాల్లో ఉండేవారికి ఈ తిప్పలు కొత్త కాదు. చిన్న జబ్బయితే దగ్గర్లోని క్లినిక్కు, కాస్త పెద్దదయితే పట్టణంలోని నర్సింగ్‌హోం, ఇంకా ముదిరితే తిరుపతికో చెన్నైకో పరుగు. ఇరకం దీవిలో ఉండేవారు ముందు పడవెక్కాలి. వేట సాగని రోజుల్లో జబ్బు చేస్తే వడ్డీకి తెచ్చి కట్టడమే. ఆ సొమ్ములో కొంతయినా వెనక్కి వచ్చే దారులు లేకపోలేదు. ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఆరోగ్య బీమా ఉంది. ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు రీయింబర్స్‌మెంట్ ఉంది. అన్నిటికీ మొదటి మెట్టు ఒకటే: రోగి పేరు, తేదీ, వరుస నంబరు, ఏ సేవకు ఎంత తీసుకున్నారన్న వివరం ఉన్న అసలు బిల్లు. తెల్లకాగితం మీద ‘మొత్తం ఇంత’ అని రాసిచ్చిన చీటీని అక్కడ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అందుకే చిన్న ఆస్పత్రుల్లో కూడా కంప్యూటర్ బిల్లింగ్ రావాలంటున్నాను. ఇదేదో పెద్ద యంత్రాంగం కాదు. ఓపీ ఫీజు, రక్తపరీక్ష, ఇంజెక్షన్, కట్టు, గది అద్దె, వీటి ధరలు ఒకసారి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు. ల్యాబ్‌లో పరీక్ష జరిగినా, వార్డులో మందు ఇచ్చినా అక్కడికక్కడే నమోదు చేస్తారు. ఇంటికి పంపేటప్పుడు లెక్క దానంతటదే తయారవుతుంది.

దీనివల్ల డాక్టరుకు లాభమేమిటని సాటి వైద్యులు అడుగుతుంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం. పది పడకల నర్సింగ్‌హోంలో రోజుకు 150 రూపాయల కట్లు రెండు రాయడం మర్చిపోయారనుకుందాం. రోజుకు 300. నెలకు 25 రోజులు వేసుకున్నా 7,500. ఏడాదికి 90,000 రూపాయలు. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ ఎగ్గొట్టలేదు. నోటి లెక్కలో జారిపోయిందంతే. ఇక మందుల షాపులో గడువు దగ్గరపడిన సరుకును సాఫ్ట్‌వేర్ ముందే చూపిస్తే పారేసే మందులూ తగ్గుతాయి. సాయంత్రం లెక్కలు తేలక కూర్చునే సిబ్బంది రోగుల పని చూసుకుంటారు.

బీమా విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. క్యాష్‌లెస్ రోగి డిశ్చార్జికి ఆస్పత్రి అభ్యర్థన పంపాక 3 గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని 2024 మేలో ఐఆర్‌డీఏఐ బీమా కంపెనీలను ఆదేశించింది. కానీ ఆ గడియారం మొదలయ్యేది ఆస్పత్రి కాగితాలు పంపిన తర్వాతే. ల్యాబ్ లెక్క ఒక పుస్తకంలో, మందుల లెక్క ఇంకో పుస్తకంలో ఉంటే బిల్లు తేలేసరికే మధ్యాహ్నం దాటుతుంది. మంచం ఖాళీ కాదు, రోగి ఇల్లు చేరడు.

మన రాష్ట్రానికి ఇది తెలియని విద్య కూడా కాదు. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, ముందస్తు అనుమతి నుంచి క్లెయిము దాకా ఆన్‌లైన్ మీదే నడిచింది. ఆ పథకంలోకి రావాలనుకున్న ఆస్పత్రులు కంప్యూటర్ నేర్చుకున్నాయి. నేర్చుకోని చిన్న క్లినిక్కులే మిగిలాయి.

వాటి భయాలూ నిజమే. ఏటా కట్టాల్సిన అద్దె ఉంటుంది. వాయుగుండం పడితే ఈ తీరంలో కరెంటూ ఉండదు, నెట్టూ ఉండదు. కాబట్టి నెట్ లేకపోయినా పనిచేసేది, లెక్కలన్నీ మరోచోట భద్రంగా దాచేది ఎంచుకోవాలి. వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలనుకుంటే మన వివరాలు మనకు తిరిగి ఇస్తారో లేదో కొనేముందే రాతపూర్వకంగా అడగాలి. రోగి జబ్బు వివరాలు కౌంటర్లో ప్రతి ఒక్కరికీ కనబడకుండా తాళం ఉండాలి. ఒక్కో క్లినిక్కు విడిగా బేరమాడే బదులు ఊళ్లోని వైద్యులంతా కలిసి వెళితే ధర తగ్గుతుంది.

అయితే పాఠకులు ఒక మాట గుర్తుంచుకోవాలి. కంప్యూటర్ బిల్లు అంటే న్యాయమైన బిల్లు అని కాదు. ఎక్కువ ధర ఎక్కిస్తే ఎక్కువే చూపిస్తుంది. చేయని పరీక్షను నమోదు చేస్తే దాన్నీ అచ్చు వేస్తుంది. మర్చిపోయిన కట్టును గుర్తుచేసే సాఫ్ట్‌వేరే, అవసరం లేని ప్యాకేజీనీ ఒక్క మీటతో చేర్చగలదు. తేడా ఏమిటంటే, చీటీ మీద మొత్తాన్ని ప్రశ్నించలేం. వరుసగా రాసిన బిల్లును ప్రశ్నించగలం. డాక్టరు తన ఫీజును ముందే తెలియజేయాలని, రోగి అడిగితే వైద్య రికార్డులను 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. అడగడం మర్యాద తప్పడం కాదు.

బిల్లు చేతికొచ్చాక రెండు నిమిషాలు ఆగి చదవండి. పేరు, వయసు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? చేరిన తేదీ, వెళ్లిన తేదీ సరిగా ఉన్నాయా? డిశ్చార్జి సమ్మరీలో రాసిన చికిత్స, బిల్లులో రాసినదీ ఒకటేనా? వాడకుండా తిరిగిచ్చిన మందుల డబ్బు తీసేశారా? మందుల బిల్లులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత శాతమే కనిపిస్తే అడగండి. డాక్టరు ఫీజుపై జీఎస్టీ లేదు. ఐసీయూ కాని గది అద్దె రోజుకు 5,000 రూపాయలు దాటితేనే పన్ను పడుతుంది.

చదవడం రానివారు ఇంట్లో చదువుకున్న పిల్లల్నో, ఊళ్లో ఆశా కార్యకర్తనో అడిగి చూపించుకోండి. వెంటనే ఫోన్లో ఫొటో తీసుకుని, అసలు కాగితాన్ని మందుల సంచీలో కాకుండా ఆధార్ కార్డు ఉన్నచోట దాచండి. జబ్బు తగ్గించడం మా పని. దానికోసం చేసిన అప్పు కాస్తయినా తగ్గాలంటే ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.